నీలానికి ముడి లేదు

విమానం నేర్చుకోవాలంటే అన్నిటికన్నా ముందు కావలసింది డాక్టరు సంతకం. నాకా సంతకం తమిళనాట ధర్మపురిలో మా బట్టల అంగట్లోనే, చీరల మధ్య దొరికింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ డాక్టరు మీద కాదు, నా మీదే.

ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు. మా వాళ్లు ఎన్ని తరాల కిందట ఈ వైపు వచ్చి స్థిరపడ్డారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అంగడి పెట్టినవాడు మా అమ్మను కన్న తండ్రి, అంటే మా తాత. ఆయన తన అక్క కొడుక్కే కూతురినిచ్చి, అల్లుణ్ణి అంగట్లోనే కూర్చోబెట్టుకున్నాడు. ఆ అల్లుడే మా నాయన. ముందు అంగడి, వెనక ఇల్లు. వంటింట్లో తాళింపు వేస్తే గల్లా దగ్గర తుమ్ములు వచ్చేవి.

మా అంగట్లో ఒక కట్టుబాటు ఉండేది. బెంగళూరు నుంచి చీరల బేలు రాగానే పగటి వెలుతురులోనే దాన్ని విప్పి, ప్రతి చీర కొంగు మూలా ఒక తెల్ల నూలు పోగు కట్టి, నాయన రంగు చెబుతుంటే దానికి ముళ్లు వేసేవాళ్లం. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు, కాఫీగింజ రంగుకు మూడు. నీలానికీ పసుపుకూ ఉత్త పోగే, ముడి ఉండదు. దీపం వెలుతురులో రంగులు మోసం చేస్తాయి, కొనేవాళ్లు ఇంటికి పోయి తిట్టుకోకూడదు, అందుకే తాత ఈ పద్ధతి పెట్టాడు అని మా నాయన వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పేవాడు. కరెంటు వచ్చింది, ట్యూబులైట్లు వచ్చాయి, తాత పోయాడు, ముళ్లు మాత్రం పోలేదు. నేను నడక నేర్చినప్పటి నుంచీ ఆ ముళ్ల మధ్యే పెరిగాను. మడత పెట్టిన చీరల దొంతరలోకి చెయ్యి పోనిచ్చి, బొటనవేలితో తడిమి, అడిగిన రంగు చీర లాగి పడేసేవాణ్ణి. కళ్లు మూసుకుని కూడా తీస్తానని పందెం కాసేవాణ్ణి. గెలిచేవాణ్ణి కూడా.

నాయన రాసిచ్చిన చీటీ పట్టుకుని సరుకు కోసం నెలకు రెండుసార్లు బెంగళూరు పోయేది నేనే. ఊరవతల ఒక నేత కర్మాగారానికి వెళ్లే దారిలో విమానాలు నేర్పే చోటు ఒకటి ఉండేది. ఒకసారి బస్సు దిగి కంచె దగ్గర నిలబడ్డాను. ఒక చిన్న విమానాన్ని తోసుకుంటూ వచ్చి దగ్గరలో ఆపారు. లోపలికి రమ్మన్నారో, నేనే దూరానో గుర్తులేదు. రెక్క మీద చెయ్యి వేసి చూస్తే, గుడ్డ! చట్రం మీద గుడ్డ లాగి బిగించి, పైన ఏదో మందు పూశారు. వేలితో కొడితే డప్పు మాదిరి మోగింది. గుడ్డ గాలిలోకి ఎగురుతుందా, మనుషుల్ని మోసుకుని పోతుందా అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గుడ్డలే మోసినవాణ్ణి, నన్ను మోసే గుడ్డ ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చి నేర్చుకుంటానన్నాను. నాయన చీర మడత పెడుతున్నవాడు పెడుతున్నట్టే ఆగిపోయాడు. "అంగడి వదిలి గాల్లో ఏమి చేస్తావురా? పడితే ఎముకలు ఏరుకొచ్చేదానికి నేను పోవాల్నా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అప్పుడు జరిగింది వింత. అంగడి సంగతుల్లో ఎన్నడూ నోరు విప్పని మా అమ్మ, తలుపు వెనక నుంచి ముందుకు వచ్చింది.

"పైకి పోయినంక ఏమి కనిపిస్తుందిరా?" అని నన్ను అడిగింది.

"ఏముంటుంది, ఆకాశం."

"అంతా నీలమేనా?"

"అంతా నీలమే."

"అయితే పోనీ వాణ్ణి" అంది నాయన వైపు తిరిగి. ఆయన ఆమె మొహం చూసి, సరేనని తల ఊపి, ఆగిన మడత మళ్లీ మొదలుపెట్టాడు. అమ్మకు నేనంటే ఎంత ప్రేమో అని పొంగిపోయాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకేం తెలుసు?

చేర్చుకునే ముందు ఆరోగ్యంగా ఉన్నట్టు మీ ఊరి డాక్టరుతో రాయించుకుని రమ్మన్నారు. అసలు లైసెన్సు ఇచ్చే ముందు పెద్ద పరీక్ష వేరే ఉంటుంది, నేర్చుకోవడానికి ఇది చాలన్నారు. మా ఊళ్లో డాక్టరు మాకు ఎప్పటి నుంచో తెలిసినవాడు. భార్యకు చీర కొనడానికి అంగడికి వచ్చినప్పుడు ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. గుండె చూశాడు, ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు చదవమన్నాడు. కాగితంలో రంగుల చూపు అనే వరుస దగ్గర కలం ఆగింది. సరిగ్గా అప్పుడే ఆయన భార్య ఆకుపచ్చ చీర చూపించమంది. నేను చెయ్యి పెట్టి, రెండు ముళ్లు తడిమి, ఒకటి లాగి ఆమె ముందు పరిచాను. డాక్టరు పకపకా నవ్వి, "బట్టల అంగడివాడికి రంగుల పరీక్ష ఏమిటయ్యా!" అని తమిళంలో అంటూ సంతకం గీకేశాడు. నేనూ నవ్వాను. అందరం నవ్వాం.

మా గురువు వాయుసేనలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషూ తమిళమూ కలిపి మాట్లాడేవాడు. అరిచేవాడు కాదు. తప్పు చేస్తే మోకాలి మీద పెన్సిలుతో ఒకటి తగిలించేవాడు. విమానం ఎక్కడం సంగతి తరువాత, ముందు చదువు చూసి కళ్లు తిరిగాయి. గాలిలో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి, మేఘాల్లో ఏది మంచిది ఏది చెడ్డది, ఇంజను ఎలా తిరుగుతుంది, గాలి పక్కకు తోస్తుంటే పటం మీద దారి ఎలా గీయాలి. వీటన్నిటిలో పరీక్షలు పాసవ్వాలి. గురువు పక్కన కూర్చుని కొన్ని గంటలు ఎగరాలి, తరువాత ఒంటరిగా కొన్ని గంటలు, ఆ తరువాత వేరే ఊళ్లో దిగి మళ్లీ రావాలి. అప్పుడు గానీ లైసెన్సు రాదు. అంగట్లో చిట్టాలు రాయడానికి బద్ధకించే నేను, బస్సులో కూర్చుని ఆ పుస్తకాలన్నీ నమిలి మింగాను. బతుకులో మొదటిసారి ఒక పని నా కోసం చేస్తున్నానని అనిపించింది. అది చేజారితే మళ్లీ ఆ గల్లా వెనకే ముసలివాణ్ణి అవుతానని భయం కూడా ఉండేది.

మా విమానంలో రేడియో లేదు. దిగేటప్పుడు టవరులో ఉన్న మనిషి మన వైపు దీపం చూపిస్తాడు. ఆకుపచ్చ దీపం నిలకడగా ఉంటే దిగవచ్చు. ఎర్రదీపం నిలకడగా ఉంటే దిగకూడదు, ఇంకో చుట్టు తిరగాలి. ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. గురువు పక్కన ఉన్నన్నాళ్లూ మేము దిగేటప్పుడు దీపం వెలిగేది, "చూశావా?" అనేవాడు, "పచ్చ సార్" అనేవాణ్ణి, దిగేవాళ్లం. అన్నిసార్లూ అది పచ్చే. నేను చూసింది దీపాన్ని, రంగును కాదు. ఆ సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఒక పొద్దున మూడు చుట్లు తిరిగి దిగాక, ఆయన ఇంజను ఆపనివ్వకుండా తలుపు తెరిచి కిందికి దిగాడు. బెల్టు ఖాళీ సీటుకు అడ్డంగా బిగించి, "ఒక్క చుట్టు. వెళ్లి రా" అన్నాడు. ఇలా చెప్పకుండా చేస్తారని విన్నాను కానీ, ఆ రోజే నా వంతు అనుకోలేదు. పక్కన మనిషి బరువు లేకపోయేసరికి విమానం ఎగిరి గంతేసినట్టు లేచింది. పైన నేనొక్కణ్ణే. గట్టిగా అరిచాను. ఏమరిచానో నాకే తెలియదు. చుట్టూ నీలం, కింద ఎక్కడో మనుషులు. ఆ నాలుగైదు నిమిషాలు నేను ఎవరి కొడుకునీ కాదు, ఏ అంగడి వాణ్ణీ కాదు.

దిగడానికి తిరిగాను. టవరులో దీపం వెలిగింది. కదలకుండా, నిలకడగా. "పచ్చ" అని పైకే అన్నాను, పక్కన గురువు ఉన్నట్టు. ఇంజను తగ్గించి నేల మీదికి వచ్చాను. చక్రాలు ఆనాక చూస్తే, విమానం పరుగెత్తే దారి చివర గడ్డి కోసే ఆడవాళ్లు, తలల మీద మోపులతో అడ్డంగా దాటుతున్నారు. బ్రేకులు తొక్కిపట్టాను. మోపులు విసిరేసి చెల్లాచెదురుగా పరుగెత్తారు. ఒకామె మాత్రం కాలు మడతపడి కూలబడింది. ఆమెకు పది అడుగుల దూరంలో విమానం ఆగింది.

మా అమ్మ ఈడు మనిషి. లేచి, కొడవలి పట్టుకుని నిలబడి, "కళ్లు కనిపించవా నీకు?" అని కన్నడంలో అరిచింది. చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. దారికి అడ్డం వచ్చింది ఆమె, తిడుతున్నది నన్ను. నేనూ ఏదో తిరిగి అనబోయాను. ఇంతలో గురువు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఎర్రదీపం వేస్తే ఎందుకు దిగావు?"

"పచ్చ సార్."

"ఏమన్నావు?"

"పచ్చదీపమే సార్. బాగా చూశాను."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నన్ను ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు. పటాల మీద గీసే రంగు పెన్సిళ్లు రెండు బల్ల మీద పెట్టి, "ఎర్రది ఇవ్వు" అన్నాడు. ఇదేం పిల్లకాయల ఆట అనుకుంటూ చెయ్యి చాచాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా బొటనవేలు పెన్సిలు చివర తడుముతోంది. దేని కోసమో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ముడి కోసం!

ఒకటి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చూసి, మెల్లగా బల్ల మీద పెట్టి, "ఇది ఆకుపచ్చ" అన్నాడు. కుర్చీ ఎక్కడుందో కూడా కనబడలేదు. ఆయనే పట్టి కూర్చోబెట్టాడు.

నమ్మండి, అప్పటిదాకా నాకు తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ అంటే రెండు వేరు మాటలని తెలుసు. పండిన టమోటా మెత్తగా ఉంటుందని, ఆకు ఆకుపచ్చగా ఉంటుందని అందరూ చెప్పగా తెలుసు. బెంగళూరు కూడళ్లలో పైదీపం వెలిగితే ఆగాలని, కిందది వెలిగితే పోవాలని తెలుసు. రంగు అంటే సగం చూసి, సగం అడిగి తెలుసుకునేదని, లోకమంతా అలాగే బతుకుతుందని అనుకున్నాను.

గురువు ఉత్తరం రాసిచ్చి పెద్ద డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన ఒక పుస్తకం తెరిచాడు. పేజీ నిండా రంగు చుక్కలు. మొదటి పేజీలో అంకె టకటకా చదివేశాను. చూశావా, నాకేం లేదు అనుకున్నాను. రెండో పేజీలో చుక్కలే ఉన్నాయి. మూడో పేజీలోనూ చుక్కలే. "ఇందులో అంకెలు లేవు సార్" అని వాదనకు దిగాను కూడా. ఆయన గుమ్మం దగ్గరున్న నర్సును పిలిచి చూపించాడు. ఆమె అటు నుంచి అటే, నడుస్తూనే, మూడు పేజీల అంకెలూ చదివి వెళ్లిపోయింది. ఆమె చదివింది ఎంత కళ్లు చించుకున్నా నాకు కనబడలేదు.

"పుట్టుకతో వచ్చింది, మందు లేదు" అన్నాడు డాక్టరు. "నీలం, పసుపు నీకు బాగా తెలుస్తాయి. ఎరుపూ ఆకుపచ్చలతోనే చిక్కు. ఎక్కువగా ఇది తల్లి ద్వారా వస్తుంది. మీ అమ్మ వాళ్ల నాన్నకు ఉండేదా?"

"అదెలా సార్? మా తాత బట్టల వ్యాపారి" అన్నాను.

అన్న వెంటనే ముళ్లు గుర్తొచ్చాయి. ఎరుపుకు ఒకటి. ఆకుపచ్చకు రెండు. కాఫీగింజ రంగుకు మూడు. నీలానికి ముడి లేదు. పసుపుకు ముడి లేదు. ఇన్నేళ్లు ఆ పోగులు నా వేళ్ల కింద ఉన్నాయి, నీలానికి ముడి ఎందుకు లేదని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

పనికిరాడు అని రాసిన కాగితం జేబులో పెట్టుకుని ధర్మపురి బస్సెక్కాను. ఆ దారంతా ఏం చూశానో గుర్తులేదు. మధ్యాహ్నానికి దిగాను. నాయన కడత్తూరు సంతకు పోయి ఉన్నాడు. అంగట్లో ఎవరూ లేరు. కత్తెర తీసుకుని మొదటి బీరువా దగ్గర మొదలుపెట్టాను. ఒక్కో చీర లాగడం, ముడి కత్తిరించడం, విసిరేయడం. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. నేలంతా తెల్లటి పోగులు పడ్డాయి.

అమ్మ గ్లాసులో మజ్జిగ తీసుకుని వచ్చింది. నేలను చూసింది, నన్ను చూసింది. ఏమైందని అడగలేదు.

"తెలిసిపోయెనా?" అంది.

పెన్సిలు దగ్గర కలిగిన దిగ్భ్రమ, డాక్టరు దగ్గర కలిగినది, ఇవేవీ ఈ ఒక్క మాటకు సరితూగవు. నా చేతిలో కత్తెర జారి పడింది.

"నీకు తెలుసా!"

ఆమె మజ్జిగ పక్కన పెట్టి, ఆ పోగుల మధ్యే కూర్చుంది. "మీ తాతకి ఎరుపు, పచ్చ ఒకే మాదిరి కనిపించేవి. బేలు వచ్చిన దినం తలుపేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క చీర రంగు చెప్పమనేవాడు. నేను చెప్తే ముడి వేసేవాడు. అప్పుడు నాకు ఆరేళ్లు. దీపం వెలుతురు మాటంతా జనానికి చెప్పేదానికి."

"నాయనకి?"

"ఆయనకి తెలీదు. ఎవురికీ చెప్పొద్దని తాత నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"మరి నా సంగతి?"

"నీకు నాలుగేళ్లప్పుడు పండు మిరపకాయలు కోసుకొని రారా అంటే, బుట్టెడు పచ్చివి తెచ్చినావు. నగుకుంటా తెచ్చినావు. నేను గోడకి ఆనుకొని అట్లే కూర్చుండిపోతిని. ఆ దినం నుంచి నీకు ముళ్లు నేర్పిస్తిని."

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని అరిచాను. వీధిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు.

"రంగు తెలీనోని దగ్గర చీర ఎవురు కొంటారురా? నీకే తెలీకుంటే నువ్వు దాచాల్సిన పని లేదు కదా. తాత బతుకంతా దాచుకొని బతికినాడు. నువ్వన్నా తలెత్తుకొని తిరుగుతావని అనుకుంటిని."

"అక్కడ ఒక మనిషిని చంపి ఉండేవాణ్ణి, తెలుసా? నీ అంత మనిషి! ఎర్రదీపం వేస్తే పచ్చ అనుకుని దిగినాను!"

ఆమె మొహం తెల్లబడింది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. "నేను నిన్ను అడిగినాను కదరా" అంది. "పైన అంతా నీలమేనా అని అడిగినాను. నువ్వే అంతా నీలమే అంటివి. నీలం నీకు బాగా తెలుసు కదా. ముడి లేకుండా నా కొడుకు చేసే పని లోకంలో ఒకటన్నా ఉందని, నేనే నాయనకి అడ్డం పోతిని."

నేను వంగి, కింద పడ్డ కత్తెర తీసి బల్ల మీద పెట్టాను.

సాయంత్రం నాయన వచ్చాడు. అమ్మే అంతా చెప్పింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా బల్ల మీద కూలబడి, "అన్నేళ్లు ఆయన పక్కన కూర్చున్నానే" అన్నాడు. రెండుసార్లు అదే మాట అన్నాడు. తరువాత లేచి లోపలికి పోయి, నూలు కండె తెచ్చి, నా కళ్లలోకి చూడకుండా ఎర్ర చీరలన్నీ ఒక పక్కకు, ఆకుపచ్చవన్నీ ఒక పక్కకు పెట్టడం మొదలుపెట్టాడు. ముగ్గురం కూర్చున్నాం. ఆయన రంగు చెప్పేవాడు, నేనూ అమ్మా ముళ్లు వేసేవాళ్లం.

లైసెన్సు రాలేదు. ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది, అది మాత్రం గురువు పోస్టులో పంపాడు. చివరి వరుసలో, ఒంటరిగా, ఒక్కసారి ఎగిరి దిగాడని రాసి సంతకం చేశాడు. దీపం మాట రాయలేదు. దాన్ని అమ్మకు చూపించాను. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. ఆ వరుస మీద వేలు పెట్టి మెల్లగా తడిమింది, చీర కొంగు తడిమినట్టే.

"పైన నిజంగా అంతా నీలమేనా?" అంది.

"అంతా నీలమే అమ్మా."

"పైకి పోయేది ఒక్కటే తలుచుకుంటిని సామీ" అంది. "మళ్లీ కిందికి దిగాల, కింద మనుషులు ఉంటారు అనేది నాకు తట్టకనే పోయె."

పుస్తకం మూసి నాకిచ్చి, ఒళ్లో ఉన్న చీర కొంగుకు రెండో ముడి బిగించింది.